బంజరని రాసేసిన నేల

నల్లమలకూ వెలికొండలకూ నడుమ సగిలేరు పారే లోయ మాది. గిద్దలూరు వైపు నుంచి కలసపాడు, పోరుమామిళ్ల, బద్వేలు మీదుగా పెన్నలో కలిసేదాకా ఏటికి రెండు పక్కలా కొండలే. నైరుతి మేఘం పడమటి కనుమల్లోనే చాలావరకు కురిసేసి, మిగిలింది మా దాకా తెస్తుంది. ఈశాన్యపు వాన వెలికొండల అవతల నెల్లూరు సీమను తడిపినంతగా ఇవతల తడపదు. వాన తక్కువైనందుకు మేము ఎవరినీ నిందించలేదు. ఉన్నదాన్ని లేదనిపించిన మనుషుల మీదే మా కడుపుమంట.

కాగితాల్లో ఈ నేల బంజరు, పోరంబోకు. బస్సు కిటికీలోంచి చూసేవాళ్లకు ఎండిన కంపచెట్లు, పలకరాళ్లు, దూరంగా ఒక గొర్రెల మంద. అంతే కదా అనుకుంటారు. ఆ కంపల్లోనే, లంకమల కొండల అంచున, 1986 జనవరిలో కలివికోడి మళ్లీ కనిపించింది. 1848లో పక్షి పరిశోధకుడు జెర్డాన్ లోకానికి తెలిపిన పిట్ట అది. 1900 తర్వాత ఎవరి కంటా పడకపోతే అంతరించిపోయిందని పుస్తకాల్లో రాసేశారు. సిద్ధవటం చుట్టుపక్కల పిట్టలు పట్టేవాళ్లకు మాత్రం దాని జాడ తెలుసు. పరిశోధకులు వచ్చి వాళ్లను అడిగాకే అది దొరికింది. ఎనభై ఏళ్లకు పైగా వాళ్లను అడగాలని ఎవరికీ తోచలేదు!

ఆ పిట్టకు దట్టమైన అడవి పనికిరాదు, బోడి మైదానమూ పనికిరాదు. పలచగా పొదలు, వాటి మధ్య రాత్రిపూట పరుగెత్తడానికి ఖాళీ నేల కావాలి. అంటే మనం బంజరని తీసిపారేసినదే దాని ఇల్లు. పచ్చగా చేస్తామని వరసలుగా మొక్కలు నాటినా, చదును చేసి దున్నినా దానికి చోటు పోయినట్టే. దానికోసం అక్కడ అభయారణ్యం ప్రకటించాక కూడా తెలుగు గంగ కాలువ తవ్వకాలు దాని పొదల్లోకి వచ్చాయి. అడ్డుపడ్డాక దారి మార్చారు గానీ, ఆ తర్వాత ఏళ్ల తరబడి పిట్ట జాడే దొరకలేదు.

ఎర్రచందనం సంగతీ ఇంతే. సహజంగా అది ఎక్కువగా పెరిగేది ఈ శేషాచలం, పాలకొండ, లంకమల, వెలికొండల రాతి నేలల్లోనే. అంత అరుదైన ఆ చెట్టు గురించి పేపర్లో వచ్చేదేమిటి? దుంగలు, లారీలు, అరెస్టులు.

ఇక నీటి సంగతి. పోరుమామిళ్ల చెరువు దగ్గర భైరవుడి గుడి ముందు శాసనం ఉంది. 1369లో విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించినది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు లక్షణాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెక్కారు. కట్టలోంచి నీరు కారడం ఒక దోషం, చెరువు నడుమ గడ్డ ఉండటం ఒకటి, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం ఇంకొకటి. ఆ చెరువు కట్టడానికి రోజూ వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల పని. వాన తక్కువ చోట నీటిని ఎలా నిలపాలో ఆరున్నర శతాబ్దాల కిందే రాయి మీద రాసిపెట్టిన జాగాను ఏమీ చేతగాని కరువు ప్రాంతమని చెప్పుకోవడం ఎంత అన్యాయం! సినిమా వాళ్లకైతే ఈ రాయలసీమలో బాంబులూ వేటకొడవళ్లూ తప్ప మరేదీ కనబడలేదు.

మాకు జాలి వద్దు. ఆ శాసనాన్ని బడి పుస్తకంలో ఒక పాఠంగా పెట్టండి. చెరువులకు నీళ్లు తెచ్చే వంకల మీద ఆక్రమణలు తీసేయించండి. కంపనేలను క్వారీకో సోలార్ పలకలకో రాసిచ్చే ముందు, అక్కడ మందను తోలుకుని తిరిగే గొర్రెలకాపరిని పిలిచి, రాత్రిపూట ఆ పొదల్లో ఏమేం తిరుగుతాయో అడగండి. అతను చెప్పింది ఫైలులో రాయండి.