విమానం కౌలుకి తీసుకుంటే వ్యాపారం, పొలం కౌలుకి తీసుకుంటే నమ్మకం లేదా?



2023 జూన్‌లో ఇండిగో ఒకేసారి 500 విమానాలకి ఆర్డర్ పెట్టింది. అదే ఏడు ఫిబ్రవరిలో ఎయిరిండియా 470 అంది. టీవీల్లో ఒకటే ఊదర. మనోళ్లు కూడా "అబ్బో, ఎంత డబ్బుందో" అని నోళ్లు తెరిచారు.

డబ్బంతా దగ్గర పెట్టుకుని కొనే బేరం కాదిది. ముందు కొంత బయానా ఇస్తారు. విమానం తయారయ్యేలోపు విడతలవారీగా అడ్వాన్సులు కడతారు, వాటికి కూడా చాలాసార్లు అప్పే తెస్తారు. ఎక్కువ సొమ్ము విమానం చేతికొచ్చిన రోజు కట్టాలి. వందల్లో కొంటారు కాబట్టి ధర బాగా తగ్గిస్తారు. ఎంతకి తెగిందో బయటికి చెప్పరు. చేతికి రాగానే చాలా విమానాల్ని లీజు కంపెనీకి అమ్మేసి, వాటినే నెలనెలా అద్దె కట్టి నడుపుతారు. అమ్మిన ధర ఎక్కువైతే ఆ తేడా లాభం. ఇండిగో చాలావరకు ఈ దారిలోనే పెరిగింది.

మన ఊళ్లో దీన్నే కౌలు అంటాం!

అదే కౌలు మనం చేస్తే బ్యాంకులో మొదటి మాట "పాస్‌బుక్ ఏదీ?" ఆంధ్రాలో 2019 చట్టం ప్రకారం కౌలు కార్డు కావాలంటే ఆసామి సంతకం ఉండాలి. పెడితే పొలం పోతుందేమోనని ఆయన భయం. కార్డు లేక మనం వడ్డీకిచ్చేవాడి గుమ్మం ఎక్కాలి.

విమానాల ఓనర్లకి మాత్రం ఆ భయం లేదా? ఉంది. 2023 మేలో గో ఫస్ట్ దివాలా అంది. ఆ దివాలా చట్టమే అడ్డొచ్చి ఓనర్లకి విమానాలు వెనక్కి రాలేదు. కోర్టుకెళ్లారు. 2024 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు వాళ్ల వైపు చెప్పింది. 2025లో పార్లమెంటు వాళ్ల హక్కుల కోసం ఏకంగా ఒక చట్టమే చేసింది. ఓనరుకి భయం పోతేనే లీజుకిస్తాడు, అద్దె కూడా తగ్గుతుందని లెక్క.

ఆ లెక్క తప్పని నేననను. పొలం దగ్గరికొచ్చేసరికి ఆ బుద్ధి ఏమైందనే అడుగుతున్నా. కౌలు కార్డు వల్ల ఆసామి హక్కు పోదని చట్టంలోనే ఉంది. ఆ మాట ఆయన ఇంటికెళ్లి చెప్పి సంతకం పెట్టించే ఆఫీసరు ఏడీ? విమానమైతే ఎగిరిపోతుంది. పొలం ఎక్కడికి పోతుందయ్యా?

వచ్చే గ్రామసభలో ఇదే అడుగుదాం. మీ ఊళ్లో కౌలుదార్లు ఎందరు, కార్డులు ఎందరికొచ్చాయి? కింద రాయండి.