గాలివాటు, గాలిచాటు

మా మణికొండ అపార్టుమెంట్లలోని యువదంపతులకు ఈమధ్య గుడారాల సరదా పట్టుకున్నది. పిల్లలతో అనంతగిరి కొండలకు పోతారు. సెలవులు కలిసివస్తే గండికోట దాకా కూడా. గుడారం కోసం నెల్లాళ్లు వాదించుకొని, గాలికి అడ్డుకట్టే తెరను మాత్రం గాలివాటుగా కొంటారు. అది తరచుగా దళసరి టార్పాలిన్ అవుతున్నది. నా అభ్యంతరం దానిపైనే.

దీనిని తెలుగులో ఏమనాలి? గాలిమర అంటే తిరిగే యంత్రం. గాలితెర అంటే చల్లని పిల్లగాలి. 'గాలిచాటు' నాకు నచ్చింది. మరింత మంచి మాట తోచినవారు తెలుపగలరు.

గాలిని పూర్తిగా ఆపితే ఆగదు. పైకెక్కి, తెర దాటగానే సుడి తిరిగి కిందికి దిగుతుంది. పైగా దళసరి పట్టా తెరచాపవలె పొంగి మేకులను పెరుకుతుంది. మన తాటాకు దడి, వెదురు తడిక అట్లా కాదు. సందుల్లోంచి కొంత గాలిని పోనిచ్చి, మిగిలినదాని జోరు తగ్గిస్తాయి. 1977 నవంబరు దివిసీమ ఉప్పెన తరువాత కోస్తా వెంబడి పెంచిన సరుగుడు తోపులదీ ఈ పద్ధతే. అవి గోడలు కావు, జల్లెడలు. ఇంచుమించు సగం ఖాళీ ఉన్న నాలుగడుగుల తెర వెనుక ఇరవై అడుగుల దాకా గాలి నెమ్మదిస్తుంది.

కారులో తడికను మోయలేము కదా అంటారు. నర్సరీలపై కట్టే ఆకుపచ్చ షేడ్ నెట్, యాభై శాతం రకం, చుట్టి డిక్కీలో పడేయవచ్చు. ఆ యాభై నీడకు చెప్పిన లెక్కయినా మన పనికి సరిపోతుంది.

ఇంత పట్టుదల ఎందుకంటే, చలి కోసం కాదు, పొయ్యి కోసం. బయట మంట నిలవకపోతే తల్లిదండ్రులు స్టవ్వును గుడారంలోకి తెస్తారు. కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. నిద్రలో ఉన్న పసిపిల్ల దగ్గదు, ఏడవదు. మంచి గాలిచాటు ఉంటే పొయ్యి బయటనే ఉంటుంది. అట్లాగని రేకులతో పొయ్యి చుట్టూ బిగించి కట్టరాదు. కింది గ్యాసు డబ్బా వేడెక్కి పేలవచ్చు. ప్లాస్టిక్ వల నిప్పురవ్వకు కరుగుతుంది గనుక పొయ్యిని దానికి నాలుగైదు అడుగుల ఎడంగా పెట్టండి. చాటు అక్కడా ఉంటుంది.

గండికోట రాతినేలలో మేకులు దిగవు. తాళ్లను బండలకు చుట్టండి, చీకటి పడకముందే.