చనిపోయినవానికీ మంచిపేరు ఉన్నది



మన యౌవనస్థులు ఈ రోజులలో సెల్‌ఫోనులో గూఢచారుల కథలు ఆసక్తితో చూస్తున్నారు. వాటిలో ఒకటి 'ద ఫ్యామిలీ మ్యాన్'. తెలుగువారైన రాజ్ నిడిమోరు, కృష్ణ డి.కె. తీసిన ఈ ధారావాహిక మొదటి భాగము 2019లో వచ్చింది. ఉగ్రవాదులను వెదకి పట్టుకొనే అధికారి శ్రీకాంత్ తివారీ ఇందులో కథానాయకుడు. దేశభద్రత కొరకు రహస్యము దాచుటను మేము తప్పుపట్టము. యెహోషువ కూడా వేగులవారిని రహస్యముగా పంపెను గదా!

అయితే కరీం అనే కాలేజీ విద్యార్థి సంగతి మా మనస్సును కలచివేసింది. ఉగ్రవాదియని అనుమానించి అతనిని కాల్చి చంపుతారు. తరువాత నిరపరాధియని తెలుస్తుంది. అయినా తమ శాఖను కాపాడుకొనుటకు అతడు ఉగ్రవాదియనే లోకమునకు చెబుతారు. అనుమానము పొరపాటు కావచ్చును. ఆ తరువాతి మాట తెలిసి పలికిన అబద్ధము.

నాబోతును జ్ఞాపకము చేసికొనండి (1 రాజులు 21). యెజెబెలు అబద్ధసాక్షులచేత మొదట అతని పేరు చెరిపి, పిమ్మట ప్రాణము తీయించెను. కరీం విషయములో ముందు ప్రాణము పోయింది, పిమ్మట పేరు.

మన చేతిలో తుపాకి లేదు గాని నోటిలో నాలుక ఉన్నది. పొరుగింటి కుర్రవానిపై దొంగతనము మోపి, అతడు నిర్దోషియని తెలిసిన తరువాత ఊరకుందుమా? పదిమందిలో వేసిన నిందను పదిమందిలోనే తీసివేయవలెను. అట్టి ఇల్లు మీ వీధిలో ఉంటే, ఈ వారమే వెళ్లండి. ఆ తల్లి తల ఎత్తుకొని సంఘమునకు రాగలుగును.

ప్రభువు మన నాలుకలను కాచును గాక!