పిడికెడు ప్రాణం

తిరునిన్రవూరులోని మా యింట మూడేండ్లుగా ఒక గినీపంది పెరుగుతున్నది. ఆ మధ్య మూత్రం పోయునపుడెల్లా కీచుమని అరవసాగినది. గూటిలో పరచిన గుడ్డపై నెత్తుటి చార కనబడినది. లోకల్ రైలెక్కి సెంట్రల్‌లో దిగి, 1903లో పశువైద్య కళాశాల వెలసిన వేపేరిలోనే ఒక వైద్యునికి చూపితిమి. ఎక్స్‌రేలో మూత్రాశయమున శనగగింజంత రాయి! వీటి రాళ్లు చాలవరకు కాల్షియం కార్బొనేట్. మందులకు కరగవు, కోసి తీయవలసినదే.

"దీనికీ ఆపరేషనా?" అని పొరుగువారు నవ్విరి. నొప్పికి చిన్నా పెద్దా ఉన్నదా?

కోయుట వైద్యుని పని. బ్రతికించుకొనుట మన పని. మనుష్యులకువలె ముందురాత్రి పస్తుంచరాదన్నారు. దీనికి వాంతి రాదు. మేత లేక ప్రేగులాగినచో ప్రాణమే పోవును. ఇంటికి తెచ్చిన పిదప, నానబెట్టి మెదిపిన మేతను రెండు మూడు గంటలకొకమారు సూది లేని సిరంజితో నోటికందించితిమి. రాత్రులు వంతులు వేసుకొంటిమి. పెంటికలు లెక్కించితిమి, వంటింటి త్రాసులో రోజూ తూచితిమి. ఇంట మిగిలిన పెన్సిలిన్ జాతి మాత్రలు మాత్రం నోట వేయకండి, దీనికవి విషమే.

నాలుగవనాడు తనంత తానే గడ్డిపోచ కొరికినది. మా అమ్మాయి కండ్ల నీరు పెట్టుకొన్నది.

రాయి మరల రావచ్చును. అందుకే ఇప్పుడు నీరు సమృద్ధిగా, ఎండుగడ్డి ఎల్లవేళలా. సున్నము హెచ్చుగా నుండు లూసర్న్ మానితిమి. మనవలెనే విటమిన్ సి తయారు చేసుకోలేని జీవి గనుక దినమూ ఒక జామముక్క.