పదవుల చిట్టా జీవితచరిత్ర కాదు



విద్యుత్తు సంస్థలో వ్యూహమూ నవకల్పనా చూసే పెద్ద అధికారి జీవితాన్ని పిల్లలకు చెప్పేటప్పుడు మనం ఏ మెట్టు నుండి ఏ మెట్టుకు ఎక్కాడో లెక్కిస్తాం. అది తప్పుడు లెక్క. కరెంటు వినియోగదారునికి వేరే అంగడి లేదు. కాబట్టి ఆ అధికారికి కొలబద్ద పదవి కాదు. వినియోగదారుని బిల్లు, మదుపుదారుని సొమ్ము. శామ్యూల్ ఇన్సల్ చరిత్రే ఇందుకు సాక్ష్యం.

1859లో లండనులో పుట్టిన ఇన్సల్ ఇంజనీరు కాడు, షార్ట్‌హ్యాండ్ నేర్చిన గుమాస్తా. 1881లో అమెరికా వెళ్లి ఎడిసన్‌కు ఆంతరంగిక కార్యదర్శి అయ్యాడు. 1892లో షికాగో ఎడిసన్ కంపెనీకి అధ్యక్షుడయ్యాడు. సాయంత్రపు దీపాల కోసం పెట్టిన యంత్రాలు తక్కిన వేళల్లో ఊరక పడి ఉంటాయనీ, వాటి మీద వడ్డీ మాత్రం రాత్రింబగళ్లు నడుస్తుందనీ గ్రహించాడు. అందుకే ట్రాములకూ కర్మాగారాలకూ పగటి కరెంటు అమ్మాడు. 1894లో ఇంగ్లండులోని బ్రైటన్‌లో ఆర్థర్ రైట్ మీటరును చూశాడు. వినియోగదారుడు ఒకేసారి గరిష్ఠంగా ఎంత కరెంటు లాగాడో అది చూపేది. దానితో ధర రెండు పాళ్లయింది: యంత్రాల ఖర్చుకొకటి, వాడకానికొకటి. 1903లో ఫిస్క్ స్ట్రీట్ కేంద్రంలో 5,000 కిలోవాట్ల ఆవిరి టర్బైను నిలబెట్టాడు. ధర తగ్గింది, వాడకం పెరిగింది. నేడు మన దేశంలో అనేక రాష్ట్రాల బిల్లులో స్థిర ఛార్జి, యూనిట్ల ఛార్జి వేరువేరుగా ఉండటం ఆ ఆలోచన బాటలోనిదే. దీనిని నవకల్పన అనండి, ఒప్పుకుంటాను.

అదే మనిషి 1912లో మిడిల్ వెస్ట్ యుటిలిటీస్ స్థాపించాడు. కంపెనీల వాటాలు కొనే కంపెనీ. తరువాత దాని మీద మరొకటి. స్వల్ప పెట్టుబడితో కింది సంస్థలన్నీ పై అంతస్తు గుప్పిట్లోకి వచ్చాయి. కింద లాభం కొంచెం తగ్గితే చాలు, పైకి చేరేది సున్న. 1932లో ఆ మేడ కూలి, వేలాది చిన్న మదుపుదారుల పొదుపు మట్టిలో కలిసింది. షికాగోకు కరెంటు ఇచ్చే కామన్‌వెల్త్ ఎడిసన్ మాత్రం నిలిచింది. ఎందుకు? ధరలపై ప్రభుత్వ నియంత్రణ ఉండాలని 1898లో ఇన్సల్ స్వయంగా కోరాడు. ఆ నియంత్రణ కింది సంస్థలకు వచ్చింది గాని పై అంతస్తులకు అందలేదు.

“న్యాయస్థానాలు ఆయనను నిర్దోషి అన్నాయి కదా!” అంటారేమో. నిజమే, 1934-35లలో మూడు విచారణల్లోనూ అన్నాయి. కాని న్యాయస్థానం చూసేది అప్పటికి ఉన్న చట్టాన్ని అతిక్రమించాడా లేదా అని. ఆ చట్టమే చాలదని తెలిసి అమెరికా 1935లో ఇటువంటి మాతృసంస్థలకు కళ్లెం వేసింది. దానిని 2005లో రద్దు చేసింది కూడా. పాఠం ఎంత తొందరగా మరుపున పడుతుందో చూడండి.

కాబట్టి ఇటువంటి జీవితాన్ని తరగతిలో చెప్పినా, భోజనాల దగ్గర చెప్పినా, “ఎంత ఎత్తుకు ఎదిగాడు?” అని ఆపకండి. “ఆ ఎత్తు ఎవరి సొమ్ము మీద నిలిచింది? కనిపెట్టి చూసినవారెవరు?” అని పిల్లల చేత అడిగించండి.