పెన్షన్ తర్వాత వచ్చే జబ్బుకు రికార్డు ఏది?

తూర్పు నౌకాదళ కమాండ్ ప్రధానాధికారి గారికి,
విశాఖపట్నం.

అయ్యా,

మా అనకాపల్లి జిల్లాలో సెయిలరుగా వెళ్లినవాళ్లకీ, నేవల్ డాక్‌యార్డులో ఫిట్టరుగానో వెల్డరుగానో చేసినవాళ్లకీ కొదవ లేదు. ఇప్పుడు రాంబిల్లిలో ఐఎన్ఎస్ వర్ష పేరుతో కొత్త స్థావరమే వస్తోంది. ఆ చనువుతోనే రాస్తున్నాను.

నావికుడికి ఓడ అంటించే జబ్బుల్లో కొన్ని ఓడలో ఉండగా బయటపడవు. పద్దెనిమిదేళ్లకు చేరినవాడు పదిహేనేళ్ల సర్వీసు ముగించి ముప్పై మూడేళ్లకే ఇంటికొచ్చేస్తాడు. విడుదలప్పుడు మెడికల్ బోర్డు ఊపిరితిత్తులు బాగున్నాయని రాస్తుంది. ఆ రోజుకి అది నిజమే. ఓడలో ఆస్బెస్టాస్ పీచు పీల్చినవాడికి మెసోథెలియోమా అనే కేన్సర్ కనిపించేది సాధారణంగా ఇరవై నుంచి నలభై ఏళ్ల తర్వాత. అప్పటికి అతను ఏ బ్యాంకు దగ్గరో సెక్యూరిటీ గార్డు. దగ్గుతూ ఆస్పత్రికెళ్తే చుట్ట తాగుతావా అని అడుగుతారు గానీ ఏ ఓడ మీద చేశావని అడిగేవాళ్లు అరుదు. తాగుతానన్నాడా, ఇక వేరే కారణం వెతకరు. నిజానికి పొగ, ఆస్బెస్టాస్ రెండూ కలిస్తే ఊపిరితిత్తుల కేన్సర్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. చుట్టను తిట్టినంత మాత్రాన ఓడ బాధ్యత తీరిపోదు.

పాత ఆవిరి నౌకల్లో బాయిలరుకూ ఆవిరి గొట్టాలకూ ఆస్బెస్టాసే తొడుగు. మరమ్మతుకు వచ్చినప్పుడల్లా ఆ తొడుగు ఊడబీకాలి. పక్కన తన పని తాను చేసుకునే ఎలక్ట్రీషియనూ ఆ దుమ్మే పీలుస్తాడు. పని బట్టలు ఇంట్లో ఉతికిన భార్యలకూ ఈ కేన్సర్ వచ్చిన కేసులు విదేశాల్లో నమోదయ్యాయి. బ్రిటన్‌లో డెవన్‌పోర్ట్ డాక్‌యార్డు కార్మికుల ఆస్బెస్టాస్ జబ్బుల మీద 1968లో వ్యాసం ప్రచురించింది ఏ ఉద్యమకారుడో కాదు, నౌకాదళ వైద్యుడు పి. జి. హారీస్. నావికులను పీడించిన స్కర్వీ జబ్బుకి నారింజ, నిమ్మ పనిచేస్తాయని 1747లో పన్నెండుమంది నావికుల మీద పరీక్షించి చూపిన జేమ్స్ లిండ్ కూడా నౌకా వైద్యుడే. అయినా నిమ్మరసం ఇవ్వమని ఉత్తర్వు రావడానికి 1795 దాకా పట్టింది. అంత తీరిక మనకెందుకు?

చెవుల సంగతీ అంతే. విశాఖ బీచ్ రోడ్డులో మ్యూజియంగా ఉంచిన కురుసుర జలాంతర్గామిని పిల్లలకు చూపిస్తూ ఇంజన్ల గదిని నిమిషంలో దాటేస్తాం. 1969 నుంచి 2001 దాకా అది నడిచినప్పుడు ఆ హోరులో డ్యూటీలు చేసినవాళ్లున్నారు. అరవై దాటాక వినబడకపోతే ఇంట్లోవాళ్లు వయసనుకుంటారు.

ఇలా ఆలస్యంగా బయటపడే జబ్బులకు పాత రికార్డే ఆధారం. ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డులను ఉద్యోగం మొదలైన నాటి నుంచి 40 ఏళ్లు, లేదా రిటైరయ్యాక 15 ఏళ్లు, ఏది ఎక్కువైతే అంతవరకూ భద్రపరచాలని సుప్రీంకోర్టు 1995లోనే పరిశ్రమలను ఆదేశించింది. ప్రైవేటు ఫ్యాక్టరీకి తప్పనిది దేశ నౌకాదళానికి బరువు కాకూడదు. ఇంజను ఎన్ని గంటలు తిరిగిందో లాగ్ బుక్కులో రాసే అలవాటున్న సంస్థ మీది.

కాబట్టి ఐఎన్‌హెచ్‌ఎస్ కళ్యాణి ఆస్పత్రి ఆధ్వర్యంలో ఒక జీవితకాల రిజిస్టరు తెరిపించండి. ఏ ఓడ, ఏ విభాగం, ఏ పని, ఎన్నేళ్లు అన్నది అందులో ఉండాలి. డాక్‌యార్డు సివిలియన్లనూ, కాంట్రాక్టు కూలీలనూ చేర్చాలి. వాళ్లను వదిలేస్తే దుమ్ము ఎక్కువ తిన్నవాళ్లనే వదిలేసినట్టు. అగనంపూడిలోని హోమీ భాభా కేన్సర్ ఆస్పత్రితో మాట్లాడి, రోగి నమోదప్పుడే నేవీ, డాక్‌యార్డు సర్వీసు వివరాలు అడిగించండి. పేర్లు తీసేసి ఏటా లెక్కలు బయటపెట్టండి. రహస్యం కావలసింది ఓడల గురించి, దగ్గుల గురించి కాదు. రాంబిల్లిలో అయితే మొదటి రోజు నుంచే మొదలుపెట్టవచ్చు.

అన్నిటికంటే తొందరపడాల్సింది అగ్నివీరుల విషయంలో. నాలుగేళ్లకు బయటికొచ్చే కుర్రాడికి పెన్షనూ లేదు, మాజీ సైనికుల ఆరోగ్య పథకం ఈసీహెచ్‌ఎస్ కార్డూ లేదు. ఈ రిజిస్టరు తప్ప అతని జాడ తెలియడానికి మీ దగ్గర వేరే దారి ఉండదు. 2022 చివర్లో ఐఎన్ఎస్ చిల్కా శిక్షణ కేంద్రంలో చేరిన మొదటి జట్టుకు 2026 చివరికి నాలుగేళ్లు నిండుతాయి. పథకం మొదలైనప్పటి నిబంధన ప్రకారం నలుగురిలో ముగ్గురు ఇంటికే వస్తారు. వాళ్లు గేటు దాటేలోపు, ఎక్కడ ఏం పీల్చారో ఏం విన్నారో రాసిన కాగితం ఒకటి చేతికి ఇప్పించండి.

ఇట్లు,
అనకాపల్లి నుంచి ఒక పౌరుడు