బండి నడుస్తోంది కదా, బెల్టు ఎందుకు మార్చాలి?

సరుకు బండి గానీ, పాత కారు గానీ ఉన్న రైతును మెకానిక్కు ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట అడుగుతాడు: "అన్నా, టైమింగు బెల్టు మార్చి ఎన్నాళ్లయింది?" చాలామంది దగ్గర జవాబుండదు. "నడుస్తోంది కదా, ఎందుకు మార్చడం?" అని ఎదురు ప్రశ్న వేస్తారు. ఆ ప్రశ్నలో తప్పు పట్టడానికేమీ లేదు. ఎకరం, రెండెకరాల సేద్యంలో రూపాయి ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకుండా నెట్టుకురావాలో తెలిసినవాడే నిలబడతాడు. పైగా షెడ్డుకు వెళ్తే అవసరం లేనివి కూడా మార్పిస్తారన్న అనుమానం మనందరికీ ఉంది. అది ఉత్త అనుమానమూ కాదు. అయినా ఈ ఒక్క విషయంలో నేను మెకానిక్కు పక్షమే. ఎందుకో చెబుతాను, విని మీరే తేల్చుకోండి.

1999లో రైతు బజార్లు తెరిచారు. 2005లో టాటా ఏస్ వచ్చింది. ఆ తర్వాత చిన్న రైతు ఇంటి ముందుకు కూడా, సెకండుహ్యాండుదో, నలుగురు కలిసి కొన్నదో, ఒక బండి వచ్చి నిలిచింది. అంతకు ముందు మనకు తెలిసిన యంత్రాలు వేరు. నూర్పిడి మిషను, పిండిమర, ఆయిలింజిను, ట్రాక్టరు. బెల్టు గురించి మనకున్న తెలివి అంతా వాటి దగ్గర నేర్చుకున్నదే. చిక్కంతా అక్కడే వచ్చింది.

నూర్పిడి మిషను బెల్టు ఏం చేస్తుంది? వదులైతే జారుతుంది. కీచుమంటుంది. రబ్బరు కాలిన వాసన వస్తుంది. మోటారును కాస్త వెనక్కి జరిపి బిగిస్తాం. అంచులు పీలికలైనా ఇంకో నాలుగు రోజులు లాగిస్తాం. చివరికి తెగితే మండల కేంద్రానికి మనిషిని పంపి కొత్తది తెప్పిస్తాం. పోయింది ఒక బెల్టు, ఒక పూట పని. అలాంటి బెల్టును తెగేదాకా వాడుకోవడమే సరైన లెక్క, అందులో నాకు రెండో మాట లేదు. ఇక ట్రాక్టరు సంగతి. మన పొలాల్లో తిరిగే ట్రాక్టర్ల ఇంజిన్లలో సాధారణంగా టైమింగు బెల్టు ఉండదు, ఆ పని గేర్లు చేస్తాయి. ముందువైపు కనబడేది ఫ్యాను బెల్టు. అది తెగితే ఇంజిను వేడెక్కుతుంది, ఆపి మార్చుకుంటాం. ఇరవయ్యేళ్లు ట్రాక్టరు తోలిన వాడికి కూడా టైమింగు బెల్టు అనుభవం లేకపోవడానికి కారణం ఇదే.

మరి ఈ టైమింగు బెల్టు ఏమిటి? ఇంజినులో పిస్టన్లు కిందికీ పైకీ ఆడుతుంటాయి. వాటి పైన వాల్వులుంటాయి. ఇవి చెరువు తూముల్లాంటివి. ఒకటి తెరుచుకుంటే గాలి లోపలికి వస్తుంది, ఇంకొకటి తెరుచుకుంటే పొగ బయటికి పోతుంది. ఏ తూము ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో చూసే నీరుగంటి లాంటిది క్యాంషాఫ్టు. కింద క్రాంకుషాఫ్టు రెండు చుట్లు తిరిగేలోగా పైన క్యాంషాఫ్టు సరిగ్గా ఒక్క చుట్టు తిరగాలి, వెంట్రుకవాసి తేడా రాకూడదు. ఈ రెంటినీ కలిపేది పళ్లున్న రబ్బరు బెల్టు. లోపల గాజునార తాళ్లుంటాయి. పళ్లున్నాయి కనుక జారదు. జారదు కనుక కీచుమనదు. మనకు అలవాటైన హెచ్చరికలేవీ దీని దగ్గర రావు. మొన్నటిదాకా నడిచినట్టే నిన్న నడుస్తుంది, నిన్న నడిచినట్టే ఇవాళ బయలుదేరుతుంది, దారిలో ఎక్కడో తెగుతుంది. లేదా నాలుగు పళ్లు ఊడిపోతాయి.

తెగగానే క్యాంషాఫ్టు ఆగిపోతుంది. కింద క్రాంకుషాఫ్టు మాత్రం ఊపు మీద ఇంకా తిరుగుతూనే ఉంటుంది. తెరుచుకుని కిందికి వేలాడుతున్న వాల్వు మీదికి పిస్టను వచ్చి గుద్దుకుంటుంది. పెట్రోలు ఇంజిన్లలో రెండు రకాలున్నాయి. కొన్నింటిలో వాల్వుకూ పిస్టనుకూ మధ్య చోటు ఉంటుంది, బెల్టు తెగితే బండి ఆగుతుంది తప్ప ఇంకేమీ కాదు. కొన్నింటిలో ఆ చోటు ఉండదు. డీజిల్‌లో మాత్రం దాదాపు అన్నీ గుద్దుకునే రకమే. పెట్రోలు ఇంజినులో గాలిని తొమ్మిది పది రెట్లు కుదిస్తే, పాత తరహా డీజిల్ ఇంజినులో ఇరవై రెట్లకు పైగా కుదించాలి. పిస్టను పైకి వచ్చేసరికి మీద చోటే మిగలదు. అందుకే వాల్వులు వంగుతాయి. ఒక్కోసారి పిస్టను పగులుతుంది, హెడ్డు దెబ్బతింటుంది. ఇంజిను విప్పాలి, లేతుకు పంపాలి, వారం పది రోజులు బండి షెడ్డులోనే. బెల్టు మార్చేందుకయ్యే దానికి ఎన్నో రెట్ల ఖర్చు. రేట్లు ఊరికో రకం, అందుకే అంకె రాయడం లేదు. మీ ఊరి షెడ్డులోనే రెండు ధరలూ అడిగి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

తెల్లవారుజామున మదనపల్లె మార్కెట్టుకు టమాటా వేసుకుని వెళ్తుండగా తెగిందనుకోండి. వేరే బండి పిలిచి సరుకు మార్చేలోగా వేలంపాట అయిపోతుంది. ఘాట్ రోడ్డు మీదయితే అంతకన్నా ఘోరం. ఇంజిను ఆగితే చాలా బండ్లలో బ్రేకు గట్టిపడిపోతుంది, మామూలుగా తొక్కితే చాలదు.

"ఫలానా వాళ్ల బండి లక్షన్నర తిరిగింది, ఇంతవరకు బెల్టు ముట్టుకోలేదు" అని మీరనవచ్చు. నిజమే అయ్యుండొచ్చు. కంపెనీ వాళ్లు కొంత జాగ్రత్త కలుపుకొనే గడువు పెడతారు. గడువు దాటిన మర్నాడే తెగుతుందని ఎవరూ అనరు. కానీ టీకొట్టు దగ్గర ఈ కబురు చెప్పేది తెగనివాడే. తెగినవాడు బండిని వచ్చినకాడికి అమ్ముకుని కూలికి పోతున్నాడు, అతణ్ణి ఎవరూ అడగరు.

ఇంకో వాదన ఉంది, అది దీనికన్నా గట్టిది. పురుగు కనబడకుండా తేదీ చూసి మందు కొట్టవద్దని మేమే ఏళ్ల తరబడి చెబుతున్నాం. చేలో తిరిగి, ఆకు తిప్పి చూసి, పురుగు హద్దు దాటితేనే కొట్టమంటున్నాం. మరి బెల్టుకు మాత్రం క్యాలెండరు ఎందుకు? ఎందుకంటే ఇక్కడ ఆకు తిప్పి చూసే వీలు లేదు. బెల్టు మూత లోపల ఉంటుంది. మూత తీసి చూసినా, పైకి నున్నగా, నల్లగా బాగానే కనబడవచ్చు. లోపలి తాళ్లు ఎంత అలిసిపోయాయో కంటికి తెలియదు. పగుళ్లు కనబడితే మార్చాల్సిందే, కానీ కనబడనంత మాత్రాన బాగున్నట్టు కాదు. ఇది పురుగుమందు లెక్క కాదు, పశువుల టీకా లెక్క. గొంతువాపు టీకాను తొలకరికి ముందే వేయిస్తాం. గేదెకు గొంతు వాచాక చూద్దాంలే అని ఎవరూ ఆగరు.

గడువు ఎంత అన్నది బండిని బట్టి మారుతుంది. బండితో ఇచ్చిన పుస్తకంలో ఇన్ని కిలోమీటర్లు లేదా ఇన్నేళ్లు, ఏది ముందయితే అది, అని రాసి ఉంటుంది. ఈ "ఏది ముందయితే అది" అన్న మాటను మనవాళ్లు వదిలేస్తారు. ఏడాదికి ఐదారు వేలు కూడా తిరగని కారుకు బెల్టు ఎందుకు మార్చాలి అంటారు. రబ్బరు ఆగి ఉన్నా ముదురుతుంది. అందులోనూ రామగుండం, రెంటచింతల ఎండల్లో, చెట్టు నీడ కూడా లేని చోట నిలబెట్టిన బండి సంగతి చెప్పనే అక్కర్లేదు.

పల్లె బండికి కిలోమీటర్ల లెక్క కూడా మోసమే. లెక్క వేసి చూడండి. తారు రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్ల చొప్పున 60 వేల కిలోమీటర్లు తిరగడానికి 1,500 గంటలు పడుతుంది. డొంకదారుల్లో, బురదలో, బరువుతో 20 కిలోమీటర్ల చొప్పున వెళ్తే అదే 60 వేలకు 3,000 గంటలు. ఇంజిను నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతుందనుకుంటే, మొదటి బండి క్రాంకు 18 కోట్ల చుట్లు తిరిగింది, రెండోది 36 కోట్లు. మీటరు మాత్రం రెండింటికీ ఒకే అంకె చూపిస్తుంది. మార్కెట్టు యార్డు గేటు దగ్గర ఇంజిను ఆపకుండా వరుసలో నిలబెట్టిన గంటలు ఏ మీటరులోకీ ఎక్కవు. అందుకే పొలం పనికి వాడే బండికి పుస్తకంలోని గడువు కంటే కాస్త ముందే మార్చడం మేలు.

బెల్టుకు ఆయిలు పరమ శత్రువు. క్రాంకు సీలు దగ్గర ఆయిలు కారి బెల్టు తడిస్తే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. గడువుతో పని లేదు, సీలూ బెల్టూ రెండూ మార్చాలి. గడ్డివాము పక్కన నిలబెట్టే బండిలో ఎలుకలు చేరతాయి. మూత పగిలి ఉంటే గడ్డి, దుమ్ము పళ్లలో చేరతాయి. షెడ్డులో ఒకసారి మూత విప్పినవాళ్లు రెండు బోల్టులు వేయకుండా వదిలేయడం కూడా చూశాను.

ఇంతకీ మీ బండికి ఈ బెల్టు ఉందా? ముందు తేల్చుకోవలసింది ఇదే. మారుతి 800, ఓమ్ని, పాత శాంట్రో, డీజిల్ ఇండికా, పాత డీజిల్ టాటా ఏస్ — వీటిలో బెల్టే. స్విఫ్ట్ 1.3 డీజిల్‌లో ఇనుప చైను. చైనుకు బెల్టులాగా కిలోమీటర్ల గడువు లేదు, ఆయిలు వేళకు మారుస్తూ, గలగల చప్పుడు వస్తే చూపించాలి. చైను బండికి టైమింగు బెల్టు మార్చామని బిల్లు రాసే ఘనులున్నారు. పాత బెల్టు చేతిలో పెట్టందే డబ్బు ఇవ్వకండి.

సెకండుహ్యాండు బండి కొంటుంటే, మార్చినట్టు కాగితం చూపిస్తే సరి. "మొన్ననే మార్చాం" అనే మాటకు విలువ లేదు. మీటరు వెనక్కి తిప్పడం కొత్త సంగతేమీ కాదు. కాగితం లేకపోతే మార్చలేదనే అనుకుని, ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి. ఇంటికి తెచ్చిన వారంలోనే మార్పించండి.

మార్చేటప్పుడు బెల్టు ఒక్కటే వేయించి డబ్బు మిగిల్చానని అనుకోవద్దు. బెల్టును బిగించి ఉంచే టెన్షనరు బేరింగు కూడా అన్నే చుట్లు తిరిగింది. అది పట్టేస్తే కొత్త బెల్టు కూడా తెగుతుంది. కొన్ని బండ్లలో నీళ్ల పంపును తిప్పేది కూడా ఈ బెల్టే. అలాంటి దాంట్లో పంపు కారుతుంటే అప్పుడే మార్చాలి, కూలి ఒక్కసారితో పోతుంది. బిల్లు ఇచ్చే కొట్టులోనే కొనండి. మడిచి, నలిపి పెట్టిన బెల్టు తీసుకోవద్దు, లోపలి గాజునార విరిగి ఉంటుంది. బిగించాక మెకానిక్కు స్టార్టు కొట్టే ముందు క్రాంకును చేత్తో రెండు చుట్లు తిప్పి, గుర్తులు మళ్లీ కలిశాయో లేదో చూడాలి. పక్కనే నిలబడి చూడండి. ఆ పని చేయని వాడి దగ్గరికి మళ్లీ వెళ్లనక్కర్లేదు.

చేతిలో నిజంగా డబ్బు లేకపోతే? ఇంట్లో ఉన్నది పాత పెట్రోలు కారై, నెలకు రెండు సార్లు ఊరికి వెళ్లేందుకే వాడుతుంటే, అది గుద్దుకునే రకమో కాదో తెలిసిన మెకానిక్కును అడగండి. కాదంటే కొన్నాళ్లు ఆగవచ్చు, బండి దారిలో ఆగిపోవడానికి సిద్ధపడి. సరుకు మోసే డీజిల్ బండికి మాత్రం ఆ వెసులుబాటు లేదు. పంట కోతకు రాకముందే, బండికి పని లేని రోజుల్లోనే పెట్టుకోండి.

మార్చిన తేదీ, మీటరు అంకె బిల్లు మీద రాయించుకోండి. బిల్లు పోతుంది కనుక అవే రెండూ బెల్టు మూత మీద పెయింటుతో కూడా రాయించండి.